బయోస్ చెడిన మదర్‌బోర్డుకు సీహెచ్341ఏ ప్రోగ్రామర్

బయోస్ (కంప్యూటర్‌ను మొదలుపెట్టే ప్రోగ్రామ్) అప్‌డేట్ మధ్యలో కరెంటు పోయి, ఫ్యాన్లు తిరుగుతున్నా తెరపై ఏమీ రాని మదర్‌బోర్డుకు పెన్‌డ్రైవ్ నుంచి బయోస్‌ను తిరిగి ఎక్కించే ఫ్లాష్‌బ్యాక్ బటన్ కూడా లేనప్పుడు, దాన్ని తిరిగి బతికించడానికి చిప్‌లోని డేటాను చదివి, తిరిగి రాసే ఈ చిన్న యూఎస్‌బీ పరికరం నిజంగా అక్కరకొస్తుంది. బయోస్ ఉండే చిప్‌ను బోర్డు నుంచి ఊడదీయకుండానే, పవర్ కేబుల్, సీమాస్ బ్యాటరీ తీసేసి, ప్రోగ్రామర్ క్లిప్‌ను, దాని ఎర్ర తీగ చిప్ మీది చుక్క వైపు ఉండేలా, చిప్‌కు పట్టించాలి. అయితే ఆ క్లిప్పే దీని బలహీనత. అది వెంట్రుకవాసి జరిగినా చదివిన డేటా తప్పుతుంది కనుక, ఫ్లాష్‌రోమ్ అనే సాఫ్ట్‌వేర్‌తో రెండుసార్లు చదివి, రెండు ఫైళ్లూ ఒకటేనని తేలాకే కొత్తది రాయాలి. మ్యాక్ అడ్రస్ (నెట్‌వర్క్‌లో బోర్డు గుర్తింపు సంఖ్య) వంటివి అందులోనే ఉండవచ్చు కాబట్టి పాత ఫైలును భద్రపరచుకోవాలి. ఈ ప్రోగ్రామర్‌లో నల్ల రంగు రకం మాత్రం నాకు నచ్చలేదు: చిప్‌కు 3.3 వోల్టుల సరఫరా ఇస్తూనే డేటా తీగల మీద 5 వోల్టులు పంపుతుంది. 1.8 వోల్టుల చిప్‌లకైతే విడిగా అడాప్టర్ తప్పనిసరి.