జాగ్రత్త: బీఆర్‌జెడ్, జీఆర్86 వాళ్ళకి డాలస్‌లో అమ్ముతున్న "స్ట్రీట్ ప్లస్ ట్రాక్ ప్యాకేజ్" గురించి

డాలస్ చుట్టుపక్కల సుబారు బీఆర్‌జెడ్ గానీ టొయోటా జీఆర్86 గానీ ఉన్న మనవాళ్ళు కాస్త ఓపిగ్గా ఇది చదవండి, ముఖ్యంగా వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతున్న ఆ ప్యాకేజ్‌కి డబ్బులు కట్టేసినవాళ్ళు, కట్టబోతున్నవాళ్ళు. బిల్లులో రాసిన పనులు చాలావరకు నా కారుకి చేయనే లేదు, ట్రాక్ మీద బ్రేకులు పోయాక తెలిసింది. షాప్ పేరు ఇక్కడ రాయట్లేదు, కార్డ్ డిస్ప్యూట్ (డబ్బు వెనక్కి ఇప్పించమని కార్డ్ కంపెనీకి ఫిర్యాదు) నడుస్తోంది, కానీ ప్యాకేజ్‌లో ఏమేం ఉన్నాయో చెప్తే ఎవరి గురించో తెలిసినవాళ్ళకి తెలిసిపోతుంది. ట్రాక్ ప్యాడ్స్ (రేస్ ట్రాక్ వేడికి తట్టుకునే బ్రేక్ ప్యాడ్స్), రేసింగ్ బ్రేక్ ఫ్లూయిడ్ ఫ్లష్ (పాత బ్రేక్ ఫ్లూయిడ్ మొత్తం తీసి కొత్తది ఎక్కించడం), ఆయిల్ ప్యాన్ బ్యాఫిల్ (మలుపుల్లో ఇంజిన్ ఆయిల్ ఒక పక్కకి పోకుండా ఆపే రేకు), క్యాంబర్ బోల్ట్స్ (చక్రం వాలు మార్చేవి) వేసి అలైన్‌మెంట్, 17 ఇంచుల వీల్స్, అన్నీ కలిపి నాలుగు వేల డాలర్లకి కాస్త తక్కువ. విడివిడిగా చేయిస్తే అంతకన్నా ఎక్కువే అవుతుంది, అందుకే జనం ఎగబడుతున్నారు.

నాది 2023 బీఆర్‌జెడ్, మాన్యువల్. రోజూ ఆఫీస్‌కి ఇదే, వీలున్నప్పుడు ట్రాక్ డేకి (సొంత కారు రేస్ ట్రాక్ మీద నడుపుకునే రోజు) కూడా ఇదే. షాప్ నడిపేది మనవాడే, గుంటూరు వైపు అబ్బాయి, మాట చాలా బాగుంటుంది. "అన్నా, నువ్వు కారు ఇచ్చి వెళ్ళిపో, మిగతాది మనం చూసుకుంటాం" అన్నాడు. బిల్లు విడివిడిగా కావాలంటే "మన మధ్య బిల్లులేంటన్నా, జెల్ చేసేయ్, ట్యాక్స్ తీసేస్తా" అన్నాడు. జెల్ అంటే బ్యాంక్ నుంచి బ్యాంక్‌కి నేరుగా డబ్బు పంపడం. ఆ ఒక్కటి నాకు నచ్చలేదు, కార్డే గీకాను, ఐటమ్ ఐటమ్‌కీ రేటు రాయించుకున్నాను. ఇప్పుడు నా చేతిలో ఏదైనా ఆధారం ఉందంటే ఆ కాగితమే. జెల్ చేసిన ఇంకో ఇద్దరికి అది కూడా లేదు.

అసలు సంగతికి వస్తా. ఆస్టిన్‌లో కోటా ట్రాక్ తెలిసినవాళ్ళకి చెప్పక్కర్లేదు, తెలియనివాళ్ళకి చెప్పాలంటే 2012లో ఫార్ములా వన్ కోసం కట్టిన సర్క్యూట్ ఆఫ్ ది అమెరికాస్, దాదాపు 3.4 మైళ్ళు, 20 టర్నులు. అందులో టర్న్ 11 దాటాక పొడవాటి బ్యాక్ స్ట్రెయిట్ వస్తుంది, 228 హార్స్‌పవర్ ఉన్న మన చిన్న కారు కూడా అక్కడ 115, 120 మైళ్ళకి వెళ్ళిపోతుంది, వెంటనే టర్న్ 12 కోసం గట్టిగా బ్రేక్ కొట్టి ఎడమకి తిప్పాలి. బ్రేకుల్లో పస ఎంతో అక్కడ తేలిపోతుంది. రెండో సెషన్‌లో అక్కడే నా పెడల్ ఫ్లోర్ దాకా దిగిపోయింది. పక్క సీట్లో ఇన్‌స్ట్రక్టర్ "పంప్, పంప్" అని అరుస్తున్నాడు, నేను కొడుతూనే ఉన్నా, మూడో పంప్‌కి కొంచెం పట్టింది, రనాఫ్ (మలుపు దాటాక వదిలిన ఖాళీ స్థలం) అంతా తారు రోడ్డు కాబట్టి నేరుగా పోయి ఆగాం. ఎవరికీ ఏం కాలేదు. అదే మన ఊరి ఫ్రీవే మీద అయితే ఎలా ఉండేదో ఊహించుకోండి.

ఇక్కడ ఒకటి తెలుసుకోవాలి, ఎందుకంటే తర్వాత షాప్‌వాడు దీన్నే అడ్డం పెట్టుకున్నాడు. బ్రేకులు ఫెయిల్ అవ్వడం రెండు రకాలు. పెడల్ గట్టిగానే ఉండి కారు ఆగకపోతే అది ప్యాడ్ వేడికి తట్టుకోలేక జారిపోవడం. పెడల్ మెత్తబడి కిందకి పోతే ఫ్లూయిడ్ మరిగినట్టు, లోపల ఆవిరి బుడగలు చేరి నీ కాలి బలం వాటిని నొక్కడానికే సరిపోతుంది, క్యాలిపర్ (ప్యాడ్స్‌ని నొక్కే భాగం) దాకా చేరదు. నాది రెండోది. అంటే ఫ్లూయిడ్. కానీ బిల్లులో ఉన్నదేంటి, మోతుల్ ఆర్‌బీఎఫ్ 600, కొత్తది అయితే 594 డిగ్రీల ఫారన్‌హీట్ దాకా మరగదు, తేమ పట్టినా 401 దాకా ఆగుతుంది. ఏళ్ళ తరబడి దాని మీదే కోటా తిరిగేవాళ్ళున్నారు.

ప్యాడక్‌లో, అంటే ట్రాక్ పక్కన కార్లు ఆపుకునే చోట, పక్క గ్యారేజ్‌లో ఒక పెద్దాయన దగ్గర బాయిలింగ్ పాయింట్ టెస్టర్ ఉంది, రిజర్వాయర్‌లోంచి కొంచెం తీసి పెడితే 330 దగ్గర చూపించింది. మామూలు డాట్ 4 రకం బ్రేక్ ఫ్లూయిడ్ కొత్తదైతే 446 ఉండాలి, బాగా తేమ పట్టింది అయితే 311 కి పడిపోతుంది, అది దాని కనీస లెక్క. అంటే నా సిస్టమ్‌లో ఉన్నది కారుతో ఫ్యాక్టరీ నుంచి వచ్చిన పాత ఫ్లూయిడే అయ్యుండాలి. అనుమానం తీరక చక్రం విప్పి బ్లీడ్ నిపుల్ (పాత ఫ్లూయిడ్ బయటికి వదిలే చిన్న మర) చూశాను. రబ్బరు టోపీ తీస్తే కింద బ్రేక్ దుమ్ము, తుప్పు కలిసి గట్టిపడిన పొర నిపుల్ చుట్టూ చెక్కుచెదరకుండా ఉంది, దాని మీద స్పానర్ పడిన గుర్తే లేదు. వెనక చక్రాల్లో కూడా అంతే. నాలుగు చక్రాల్లో ఒక్కదాని నిపుల్ కూడా ఎవడూ ముట్టుకోలేదు. మరి ఏం ఫ్లష్ చేసినట్టు? రిజర్వాయర్‌లో పైన కాస్త తీసి కొత్తది పోసి ఉంటే చాలా ఎక్కువ.

ప్యాడ్స్ సంగతి ఇంకా ఘోరం. పేరున్న కంపెనీ ట్రాక్ ప్యాడ్స్ అని బిల్లులో ఉంది, పైన ఆ కంపెనీ రంగు, లోగో అన్నీ ఉన్నాయి. బయటికి తీసి చూస్తే ముందు ఎడమ వైపు ప్యాడ్ మూల తడిసిన బిస్కెట్‌లా రాలిపోతోంది, ఫ్రిక్షన్ మెటీరియల్ వెనక ఇనప ప్లేట్ నుంచి ఒక చివర విడిపోయి గోరు దూరేంత సందు కనిపిస్తోంది. పైన పటారం లోన లొటారం. అమెరికాలో అమ్మే ప్యాడ్ అంచు మీద మామూలుగా కంపెనీ కోడ్, కాంపౌండ్ (ప్యాడ్ మిశ్రమం) పేరు, చివర్లో రెండు అక్షరాలు ప్రింట్ చేసి ఉంటాయి, మొదటి అక్షరం చల్లగా ఉన్నప్పటి పట్టు, రెండోది వేడెక్కాక పట్టు, ఈ (E) అంటే తక్కువ, ఎఫ్ మధ్యస్థం, జీ ఇంకా ఎక్కువ. నా ప్యాడ్స్ మీద అంచు ఖాళీ. ప్లేట్ మీద పార్ట్ నంబర్ గుద్ది ఉండాల్సిన చోట స్టిక్కర్ ఉంది, అది కూడా వేడికి నల్లబడి ఊడి వచ్చేసింది. ఫోర్ట్ వర్త్ దగ్గరి క్రెసన్ ట్రాక్‌లో తిరిగే ఒక ఫ్రెండ్ దగ్గర అదే మోడల్ అసలు సెట్ ఉంటే పక్కపక్కన పెట్టి చూశాం, అంచుల కోత కూడా వేరు. ఆన్‌లైన్‌లో సగం రేటుకి దొరికే డూప్లికేట్లని అందరూ అంటున్నారు, అతను తెలిసి కొన్నాడో మోసపోయి కొన్నాడో నాకనవసరం, నా దగ్గర మాత్రం అసలు రేటే తీసుకున్నాడు.

ఇంక ఆయిల్ ప్యాన్ బ్యాఫిల్. ఈ 2.4 లీటర్ ఎఫ్ఏ24 ఇంజిన్‌కి పొడవాటి కుడి మలుపుల్లో ఆయిల్ ప్రెషర్ పడిపోతోందని ఓనర్లు డేటా లాగ్స్ పెట్టడం మీరంతా చూసే ఉంటారు, ఫ్యాక్టరీలో ప్యాన్‌కి రాసిన సీలెంట్ ముక్కలు పికప్ (ఆయిల్ పీల్చే గొట్టం) జల్లెడలో ఇరుక్కోవడం గురించి కూడా. కోటాలో 16, 17, 18 కలిపి ఒకటే సాగదీసిన కుడి మలుపు, సరిగ్గా ఈ సమస్యకి పెట్టినట్టు ఉంటుంది. అందుకే బ్యాఫిల్ కావాలనుకున్నాను, దాంతోపాటు పికప్ కూడా క్లీన్ చేశామని బిల్లులో రాశాడు. బ్యాఫిల్ పెట్టాలంటే కింద ప్యాన్ విప్పాల్సిందే, వేరే దారి లేదు. విప్పితే పాత సీలెంట్ గీకి కొత్తది రాయాలి. మన కారు కింద పడుకుని టార్చ్ వేసి చూస్తే ప్యాన్ అంచు పొడవునా ఫ్యాక్టరీ సీలెంట్ గీత యథాతథంగా ఉంది, దాని మీద రోడ్డు మట్టి సమానంగా పేరుకుని ఉంది, బోల్ట్ తలలు ఒక్కటి కూడా కొత్తగా మెరవట్లేదు. ఆ ఒక్క లైన్‌కే ఎనిమిది వందల పైన వేశాడు బాబూ.

వీల్స్ గురించి ఎక్కువ చెప్పను. హబ్ (చక్రం కూర్చునే మధ్య భాగం) సైజు 56.1 మిల్లీమీటర్లు, వీల్ బోర్ (చక్రం మధ్య రంధ్రం) దానికన్నా పెద్దది, మధ్యలో రింగులు పెట్టలేదు, 70 దాటితే స్టీరింగ్ వణికేది, రింగులు వేస్తే పోయింది. నట్స్ కూడా ఒకటి చేత్తో తిరిగింది ఒకటి బ్రేకర్ బార్‌కి కూడా కదల్లేదు, 89 పౌండ్-ఫుట్ టార్క్ (బిగించాల్సిన బలం) అని మాన్యువల్లో ఉన్నది చూసే ఓపిక కూడా లేదు వీళ్ళకి. అలైన్‌మెంట్ షీట్‌లో ముందు క్యాంబర్ మైనస్ 2.4 అని ప్రింట్ ఇచ్చాడు, వేరే చోట కొలిపిస్తే దాదాపు సున్నా, షీట్ పైన వీఐఎన్ (కారు గుర్తింపు) నంబర్ చూస్తే నా కారుదే కాదు! ఎవరి కారుదో దాని ప్రింటవుట్ నాకిచ్చాడు.

ఫోన్ చేశాను. మొదట "ట్రాక్ మీద ఎవరి బ్రేకులైనా వేడెక్కుతాయన్నా, నువ్వు ప్యాడ్స్ బెడ్డింగ్ సరిగ్గా చేసుండవు" అన్నాడు. బెడ్డింగ్ (కొత్త ప్యాడ్స్‌ని పదేపదే బ్రేక్ వేసి సెట్ చేయడం) చేయకపోతే ప్యాడ్ పట్టదు గానీ పెడల్ కిందకి పోదు తమ్ముడూ, పైన చెప్పింది అందుకే. నిపుల్ ఫోటోలు పంపాక "కుర్రాడు మర్చిపోయుంటాడు, తీసుకురా ఫ్రీగా చేస్తా" అన్నాడు. ప్యాన్ ఫోటో పంపాక ఇంక సమాధానం లేదు. రెండు రోజుల తర్వాత ఒక కామన్ ఫ్రెండ్ ద్వారా కబురు, "మనోళ్ళ బిజినెస్, పబ్లిక్‌లో పెట్టి పాడు చేయొద్దు" అని. మనోడి బ్రేకులు పోయినప్పుడు ఈ మనోళ్ళు ఎవరూ పక్క సీట్లో లేరు కదా.

టెక్సస్‌లో ఉన్నవాళ్ళకి ఇంకో మాట. 2025 జనవరి 1 నుంచి మామూలు కార్లకి ఏటా చేసే సేఫ్టీ ఇన్‌స్పెక్షన్ తీసేశారు, డాలస్, కాలిన్, డెంటన్, టారంట్ కౌంటీల్లో ఎమిషన్స్ టెస్ట్ మాత్రమే మిగిలింది. అంటే ఇలాంటి ప్యాడ్స్ వేసుకుని రోడ్డు మీద తిరుగుతున్నా ఏడాదికోసారైనా చూసే మనిషి లేడు. ట్రాక్ డే టెక్ ఇన్‌స్పెక్షన్ ఉంటుంది కదా అనుకోవద్దు, అక్కడ ప్యాడ్ మందం, నట్ టార్క్, బ్యాటరీ బిగింపు, హెల్మెట్ స్టిక్కర్ చూస్తారు, నీ ఫ్లూయిడ్ ఏ బ్రాండో వాళ్ళకెలా తెలుస్తుంది, ఫారంలో నువ్వు రాసిందే నమ్ముతారు. నాకు కూడా ఓకే స్టిక్కర్ అంటించే పంపారు. ఇన్సూరెన్స్ కూడా చూసుకోండి, మామూలు ఆటో పాలసీల్లో ట్రాక్ మీద జరిగింది కవర్ చేయమని చాలావాటిలో రాసే ఉంటుంది, ఆ ఒక్క రోజుకి విడిగా పాలసీ కొనుక్కోవచ్చు, నేను కొంటాను.

డబ్బుల విషయానికొస్తే, కార్డ్ మీద కట్టినవాళ్ళు స్టేట్‌మెంట్ వచ్చిన 60 రోజుల్లోపు రాతపూర్వకంగా డిస్ప్యూట్ పెట్టండి, ఆలస్యం చేస్తే ఆ హక్కు పోతుంది. టెక్సస్‌లో డిసెప్టివ్ ట్రేడ్ ప్రాక్టీసెస్ యాక్ట్ (కొనేవాళ్ళని మోసం చేస్తే వర్తించే చట్టం) కింద వెళ్ళాలంటే ముందు 60 రోజుల నోటీస్ ఉత్తరం ఇవ్వాలి, తర్వాత జస్టిస్ కోర్ట్‌లో (చిన్న దావాల కోర్టు) 20,000 డాలర్ల దాకా లాయర్ లేకుండానే వేసుకోవచ్చు. నేను ఉత్తరం సర్టిఫైడ్ మెయిల్‌లో పంపాను. పాత ప్యాడ్స్ పారేయకండి, విప్పకముందే నిపుల్స్, ప్యాన్ అంచు తేదీ కనిపించేలా ఫోటోలు తీసుకోండి, విప్పాక ఎన్ని ఫోటోలు తీసినా వాళ్ళు "నువ్వే కెలికావు" అంటారు. ఇంకోటి, ఆఫ్టర్‌మార్కెట్ పార్ట్ వేశావని మొత్తం వారంటీ క్యాన్సిల్ అని ఎవరైనా భయపెడితే నమ్మొద్దు, 1975 నాటి మాగ్నసన్-మాస్ చట్టం ప్రకారం ఆ పార్ట్ వల్లే పాడైందని చూపించాలి. కానీ వేయని బ్యాఫిల్‌ని వేసినట్టు బిల్లు ఉంటే రేపు ఇంజిన్ క్లెయిమ్‌లో డీలర్ దాన్నే చూపించి గొడవ పెట్టొచ్చు, అందుకే అది వేయలేదని వేరే షాప్ దగ్గర రాతలో తీసుకుని ఉంచుకున్నాను.

నేనిప్పుడు రెండు సెట్లు పెట్టుకున్నాను, రోజువారీకి స్ట్రీట్ ప్యాడ్స్, ట్రాక్ ముందు రోజు రాత్రి ట్రాక్ ప్యాడ్స్. రెండూ ఒకటే ప్యాడ్‌తో అయిపోతాయని ఎవడైనా అమ్మితే వాడి మాట నేను వినను, ట్రాక్ ప్యాడ్ చల్లగా ఉన్నప్పుడు సరిగ్గా పట్టదు, పొద్దున్నే సిగ్నల్ దగ్గర కీచుమని వీధంతా లేపుతుంది. ఫ్లూయిడ్ నేనే పోస్తున్నాను, సీల్ నా చేత్తో విప్పి.

ఈ శని, ఆదివారాలు క్రెసన్‌కి వెళ్తున్నవాళ్ళలో ఎవరైనా ఆ షాప్‌లో బ్రేకుల పని చేయించుకుని ఉంటే, వెళ్ళే ముందే ముందు చక్రాలు రెండూ విప్పి ప్యాడ్ అంచు, బ్లీడ్ నిపుల్ చూసుకోండి. జాక్, స్టాండ్లు లేకపోతే శుక్రవారం సాయంత్రం ఫ్రిస్కోలో మా గ్యారేజ్‌కి తీసుకొచ్చేయండి, ఆ టెస్టర్ లాంటిదే ఒకటి నేనూ కొన్నాను, కారుకి పది నిమిషాలు కూడా పట్టదు.