జాగ్రత్త: మల్టీస్విచ్ అని డబ్బు తీసుకుని మామూలు స్ప్లిటర్ పెట్టాడు

ఆర్‌వీలకు, అంటే లోపలే ఉంటూ ప్రయాణం చేసే ఇల్లులాంటి బండ్లకు, డిష్ బిగించే ఆ మనిషి గురించే రాస్తున్నాను. పేరు రాయడం లేదు. ఈపాటికి మీలో చాలామందికి ఎవరో అర్థమయ్యే ఉంటుంది. నిన్న సాయంత్రమే ప్యానెల్ విప్పి చూశాను. ఇంకా కోపం తగ్గలేదు, అందుకని రాతలో ముందూ వెనకా అయితే ఏమీ అనుకోకండి.

మా బండిలో ముందు ఒక టీవీ, వెనక పడకగదిలో ఒక టీవీ, పైన డిష్. పిల్లలు ముందు వాళ్ళకు నచ్చింది చూస్తుంటే, వెనక అమ్మ తనకు కావలసింది చూసుకోవాలి. నేను అడిగింది అదొక్కటే. "మల్టీస్విచ్ వేస్తానమ్మా, ఎవరి ఛానల్ వాళ్ళది" అన్నాడు. బిల్లులో కూడా మల్టీస్విచ్ అనే రాశాడు. డబ్బు మొత్తం ముందే ఇచ్చేశాను.

పని అయ్యాక నడిపి చూపించాడు. రిమోట్లు రెండూ ఆయన చేతిలోనే ఉన్నాయి. ముందు టీవీలో ఒక ఛానల్ పెట్టాడు, వెనక టీవీలో ఇంకొకటి. రెండూ చక్కగా వచ్చాయి. నేనూ ఒకసారి మార్చి చూద్దామని చెయ్యి చాపితే, "ఇప్పుడే సెట్ చేశానమ్మా, కాసేపు కదపకండి" అని రెండు రిమోట్లూ సొరుగులో పెట్టి మూసేశాడు. కాగితం ముందు పెట్టి సంతకం చెయ్యమన్నాడు, చేశాను. అది తలుచుకుంటేనే ఒళ్ళు మండుతోంది. ఏ రెండు ఛానళ్ళు పెడితే రెండు టీవీలూ ఆడతాయో ఆయనకు తెలుసు. తెలిసే అవి పెట్టాడు. తెలిసే రిమోట్ నా చేతికి రానివ్వలేదు.

ప్రయాణంలో మొదటి రాత్రి పిల్లలు పడుకున్నారని ముందు బాక్స్ ఆపేశాను. వెంటనే వెనక నుంచి అమ్మ, "ఏమైందే, ఆగిపోయింది?" అంది. మళ్ళీ ఆన్ చేస్తే వచ్చింది. ముందు ఛానల్ మారిస్తే వెనక నో సిగ్నల్. గంటసేపు అటూ ఇటూ తిరిగాను. చివరికి అమ్మ "పోనీలే, నాకు నిద్ర వస్తోంది" అని రిమోట్ పక్కన పెట్టేసింది. ఆమెకు నిద్ర రావడం లేదని నాకు తెలుసు.

మర్నాడు ఫోన్ చేశాను. "నేను చూపించినప్పుడు రెండూ ఆడాయా లేదా? సంతకం పెట్టారా లేదా?" అన్నాడు. అమ్మ గురించి చెప్పబోతే, "బండిలో రెండు టీవీలు ఎందుకమ్మా, అందరూ కలిసి ఒకటే చూడండి" అని పెట్టేశాడు. తర్వాత ఎన్నిసార్లు చేసినా ఎత్తలేదు.

నిన్న ప్యానెల్ విప్పితే లోపల నల్ల టేపు చుట్టిన చిన్న డబ్బా కనిపించింది. టేపు పీకాను. ఒక కేబుల్‌ని రెండుగా చీల్చే మామూలు స్ప్లిటర్! పవర్ ఒక్క పోర్టు నుంచే వెళ్తుందని దాని మీదే అచ్చు వేసి ఉంది. ఆ అక్షరాలు కనబడకుండానే టేపు చుట్టాడు.

దీని అర్థం తెలియనివాళ్ళ కోసం చెబుతాను. డిష్ చివర ఉండి సిగ్నల్ అందుకునే ఎల్‌ఎన్‌బీకి ఏ ఛానళ్ళు కావాలో బాక్సే చెబుతుంది, అదీ కేబుల్లో పంపే కరెంటుతో. 13 వోల్టులు పంపితే ఒక గుంపు ఛానళ్ళు వస్తాయి, 18 పంపితే ఇంకో గుంపు. ఒక అవుట్‌పుట్ ఉన్న మామూలు ఎల్‌ఎన్‌బీ ఒకసారికి ఒక్క గుంపే ఇస్తుంది. మా స్ప్లిటర్లో ముందు బాక్స్ కరెంటే పైకి వెళ్తోంది. అంటే అమ్మ బాక్స్ ఏమడిగినా ఎల్‌ఎన్‌బీకి చేరదు. ముందు బాక్స్ ఏ గుంపు అడిగితే అందులోవే వెనక కూడా. అది ఆపితే వెనకదీ చచ్చినట్టే. ఆ రోజు ఆయన పెట్టిన రెండు ఛానళ్ళూ ఒకే గుంపువి!

తప్పు నాది కూడా ఉంది. మామూలు మల్టీస్విచ్‌కి డిష్ నుంచి కనీసం రెండు కేబుళ్ళు రావాలి. పైకప్పు నుంచి ఒక్కటే దిగడం నా కళ్ళతో చూశాను. అడిగితే "ఇప్పుడంతా సింగిల్ కేబులేనమ్మా" అన్నాడు. ఒకే కేబుల్ మీద చాలా బాక్సులు నడిపే పద్ధతి నిజంగానే ఉంది. 2007లో వచ్చిన ఈఎన్ 50494 ప్రమాణం ప్రకారం ఒక కేబుల్ మీద 8 ట్యూనర్ల దాకా (బాక్సులో ఛానల్ పట్టే భాగాలు) నడపొచ్చు. కానీ దానికి వేరే ఎల్‌ఎన్‌బీ కావాలి, బాక్సులూ దానికి సరిపడేవే అయి ఉండాలి. మావి కావు. ఆ మాట ముందే వెతికి చదివి ఉంటే అక్కడికక్కడే పట్టుకునేదాన్ని. చదవలేదు.

ఎవరైనా పెట్టించుకుంటుంటే, రిమోట్లు మీ చేతిలో ఉంచుకుని రెండు టీవీల్లో కనీసం పది ఛానళ్ళు మార్చి చూడండి. ఒక బాక్స్ ప్లగ్ పీకేసి రెండోది ఆడుతుందో లేదో చూడండి. ప్యానెల్ మూయకముందే లోపల ఏం పెట్టారో ఫోటో తీసుకోండి. సంతకం ఆ తర్వాతే. ఇంకొకటి, తనంతట తాను తిరిగే డిష్ అయితే ఒకసారికి ఒక్క ఉపగ్రహం వైపే చూస్తుంది. దాన్ని నడిపే బాక్స్ ఏ ఉపగ్రహం మీద ఉంటే రెండో టీవీకీ అందులోవే వస్తాయి. అది మోసం కాదు, కానీ కొనేముందే మీకు చెప్పాలి.

స్ప్లిటర్, ఆ టేపు, బిల్లు అన్నీ ఒక కవర్లో పెట్టి ఉంచాను. రెండు అవుట్‌పుట్ల ఎల్‌ఎన్‌బీ తెచ్చి రెండో కేబుల్ లాగించేదాకా డిష్ కేబుల్ నేరుగా అమ్మ బాక్స్‌కే కలిపాను. ముందు టీవీ ప్రస్తుతానికి ఆపేశాం.