ఒక్క రాత్రిలో నాలుగు ఋతువులు

మసాకి యుఆసా 2017లో తీసిన జపనీస్ యానిమేషన్ సినిమా ‘ది నైట్ ఈజ్ షార్ట్, వాక్ ఆన్ గర్ల్’ మొదటిసారి పెట్టుకున్నప్పుడు పావుగంటకే ఆపేశాను. మాటలు ఊపిరాడనివ్వవు. సబ్‌టైటిల్ సగం చదివేసరికి పైన బొమ్మ మారిపోతోంది. రెండోసారి మా అక్కతో కూర్చున్నాను. ‘‘చదవడం వదిలెయ్యవే, ఆ పిల్ల మొహం చూడు చాలు’’ అంది. అలా చూసినప్పుడు నాకు ఈ సినిమా అందింది. ఇప్పటికి మూడుసార్లయింది.

క్యోటోలో ఓ కాలేజీ కుర్రాడు. పేరు చెప్పరు, అందరికీ సీనియరే. నల్లజుట్టు జూనియర్ అమ్మాయంటే అతనికి ప్రాణం. నోరు తెరిచి చెప్పలేడు కాబట్టి వీలైనన్నిసార్లు ఆమె కళ్లబడాలని పథకం వేసుకుంటాడు. ఎదురైన ప్రతిసారీ ‘‘అరె, ఇక్కడ నువ్వా!’’ అనాలి, అంతే. ఆ అమ్మాయికి ఇవేవీ తెలియవు. ఆ రాత్రి ఆమెకు పెద్దవాళ్లలా మందు రుచి చూడాలనిపించింది. బార్లతో నిండిన పొంతోచో ఇరుకు సందుల్లోకి నడిచి వెళ్లిపోతుంది.

తొమిహికో మొరిమి రాసిన మూల నవలలో నాలుగు భాగాలు నాలుగు ఋతువుల్లో జరుగుతాయి. స్క్రీన్‌ప్లే రాసిన మకోతో ఉఎదా ఆ ఏడాదంతటినీ ఒక్క రాత్రిలోకి మడిచేశాడు. వసంతంలో మొదలైన తాగుడు, షిమొగామో గుడి పక్క అడవిలో వేసవి పాత పుస్తకాల సంత, శరత్కాలపు కాలేజీ పండగ, ఊరంతటినీ మంచాన పడేసే చలికాలపు జలుబు... అన్నీ తెల్లారేలోపే. ‘‘సంతలో చెమటలు కక్కినవాళ్లు అప్పుడే వణుకుతున్నారేంటి?’’ అని అక్క అడిగింది. నాకైతే వయసులో ఉన్నప్పటి ఒక మంచి రాత్రి అచ్చం అలాగే ఉంటుందనిపించింది. పెద్దవాళ్ల చేతి గడియారాల్లో ముళ్లు గిరగిరా తిరిగిపోతుంటాయి, ఈ అమ్మాయి గడియారం మాత్రం నింపాదిగా నడుస్తుంది. ఋతువుల చిక్కుముడి నాకు అక్కడే విడిపోయింది.

అన్నిటికంటే నాకు నచ్చింది తాగుడు పోటీ. రిహాకు అనే వడ్డీ వ్యాపారి ముసలాయనకీ ఆ పిల్లకీ మధ్య ‘నకిలీ డెంకి బ్రాన్’ అనే మందు గ్లాసు తర్వాత గ్లాసు ఖాళీ అవుతుంటుంది. ఆయనకు గుక్కగుక్కలో బతుకు వెలితి తగులుతుంది. అదే మందు ఆమెకు కడుపులో వెచ్చగా దిగుతుంది, లోకమంతా ముద్దొస్తుంది. ఇద్దరి మొహాలనీ మార్చి మార్చి చూపిస్తారు. యూసుకే నకమురా గీసిన పాత్రలకు నీడలు పెద్దగా ఉండవు, చదునైన రంగులు, నాలుగు గీతలు. అయినా మూడోసారి చూస్తున్నప్పుడు ఆ ముసలాయన కళ్ల దగ్గర నాకు గొంతు పట్టేసింది.

ఇది ఇద్దరి ప్రేమకథ అనుకుని కూర్చుంటే సగమే దక్కుతుంది. మనం ఋణానుబంధం అంటామే, దాని గురించి ఇంత సరదాగా తీసిన సినిమా నేను చూడలేదు. సంతలో పాత పుస్తకాల దేవుడు చిన్నపిల్లాడి రూపంలో తిరుగుతూ ఒక పుస్తకానికీ ఇంకో పుస్తకానికీ ఉన్న చుట్టరికం విప్పి చెబుతాడు. తర్వాత జలుబు ఒకరి నుంచి ఒకరికి పాకుతుంది, ఆ తీగ లాగితే రిహాకు దగ్గర తేలుతుంది. నాకెవరూ లేరని ముడుచుకుపోయిన మనిషికి, మీరు ఇంతమందితో కలిసే ఉన్నారని ఆ అమ్మాయి ఆ జలుబునే చూపిస్తుంది. జలుబుతో ఇంత ప్రేమ చెప్పొచ్చని ఎవరికి తడుతుంది!

కాలేజీ పండగలో నాటకం పాటలు సాగదీసినట్టున్నాయి, పది నిమిషాలైనా తగ్గించాల్సింది. కుర్రాడు ఆ అమ్మాయి వెనకాలే తిరగడాన్ని సినిమా మొదట్లో మరీ తేలిగ్గా తీసుకుంది, అది నాకు నచ్చలేదు. అయితే ఆమెకు చిన్నప్పటి బొమ్మల పుస్తకం ఇవ్వాలని కుర్రాడు నోరు మండిపోయే కూర తినే పోటీలో కూర్చున్నప్పుడు అతని మీద కోపం కొంత తగ్గింది. చివర్లో అతని బుర్రలో పార్లమెంటు సమావేశమై, ఆమెకు చెప్పాలా వద్దా అని కొట్టుకునే ఘట్టం భయస్తుడి మనసును ఉన్నదున్నట్టు చూపిస్తుంది.

నిడివి 93 నిమిషాలే. రాత్రి పూట, ఒకే బిగిన, ఫోన్ పక్కన పడేసి చూడండి. నాలుగోసారి చూడటానికి నేను అక్క సెలవు కోసం ఆగి ఉన్నాను.