ప్రభుత్వ పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రికల్ డిప్లొమా: మా వాడి మూడేళ్లు

నాది తెనాలి దగ్గర మోటార్ వైండింగ్ షాపు. మా వాడికి పదిలో మంచి మార్కులొచ్చాయి. "ఎంపీసీలో వేసి బీటెక్ చేయించక పాలిటెక్నిక్ ఏంటి బావా" అని మా బావమరిది ఒకటే గొడవ. వాడేమో చిన్నప్పటి నుంచి నా పక్కన కూర్చుని కాయిల్స్ చుట్టినవాడు. పాలిటెక్నిక్ ప్రవేశ పరీక్ష పాలిసెట్‌లో 120 మార్కులకు 50 లెక్కలే, అవి వాడికి కలిసొచ్చాయి. పక్క జిల్లా ప్రభుత్వ కాలేజీలో సీటొచ్చింది.

చేర్చే ముందు నేనే వెళ్లి మెషిన్స్ ల్యాబ్ చూశాను. స్లిప్ రింగ్ మోటారు బ్రష్‌లు అరిగి ఉన్నాయి, టెర్మినల్ నట్ల మీద స్పానర్ గీతలున్నాయి. పిల్లల చేత నడిపిస్తున్నారని అర్థమై, నాకు ధైర్యం వచ్చింది.

లోపాలూ ఉన్నాయి. రెండు అమ్మీటర్లు పాడై మూలన పడున్నాయి. ఒక్కో మోటారు దగ్గర పది మంది, వెనకున్నవాడికి చెయ్యి పెట్టే వీలుండదు. రెండో ఏడు ఒక సబ్జెక్టుకు రెండు నెలలు లెక్చరరే లేరు, సీనియర్ల నోట్సుతో లాక్కొచ్చారు. హాస్టల్ దొరక్క రోజూ బస్సే. ఫీజు మాత్రం ఏడాదికి ఐదు వేల లోపే.

పాతికేళ్లుగా స్టార్ డెల్టా స్టార్టర్లు బిగిస్తున్నాను, అంటే మోటారును ముందు స్టార్ కనెక్షన్‌లో మొదలుపెట్టి తర్వాత డెల్టాకు మార్చేవి. స్టార్‌లో కరెంటు తగ్గుతుందని తెలుసు కానీ ఎందుకో తెలియదు. ఒక రాత్రి మా వాడు కాగితం మీద బొమ్మ గీసి, వోల్టేజీ ఎంత తగ్గుతుందో, లైన్ కరెంటు డెల్టాతో పోలిస్తే సరిగ్గా మూడో వంతుకు ఎలా పడుతుందో లెక్క కట్టి చూపించాడు. ఆ కాగితం షాపు గోడకు అంటించుకున్నాను.

చివరి ఏడాదిలో ఆరు నెలలు ఇండస్ట్రియల్ ట్రైనింగ్. వాడిది ట్రాన్స్‌ఫార్మర్ల రిపేరు యూనిట్‌లో పడింది, నూనె మరకల చొక్కాతో ఇంటికొచ్చేవాడు. ఇప్పుడు డిప్లొమా వాళ్లు బీటెక్‌లో చేరడానికి రాసే ఈసెట్‌కు చదువుతున్నాడు. ర్యాంకు వస్తే బీటెక్ రెండో ఏడాదిలోనే చేరతాడు. ఇంటర్ రెండు, బీటెక్ నాలుగు కలిపితే ఆరేళ్లు. డిప్లొమా మూడు, బీటెక్ మూడు కలిపినా ఆరే. కాకపోతే మధ్యలో డబ్బులకు ఇబ్బందై ఆగిపోయినా, వీడి చేతిలో డిప్లొమా ఉంటుంది. మా బావమరిదికి ఈ లెక్క చెప్పాకే టెన్షన్ తగ్గింది.

ల్యాబులో రద్దీ ఉన్నా, ఎలక్ట్రికల్ అంటే ఇష్టమున్న పిల్లలకు ఈ కాలేజీ మంచిదనే చెబుతాను. చేర్చే ముందు సెలవు రోజున కాదు, ప్రాక్టికల్స్ జరిగే రోజున వెళ్లి చూడండి. మా చిన్నదానికి బయాలజీ ఇష్టం, వచ్చే ఏడు దాన్ని ఇంటర్ బైపీసీలోనే చేరుస్తున్నాను.