ఇంట్లో కారు ఛార్జర్ పెట్టిస్తున్నారా? ఎర్తింగ్ గుంత మూత ఒకసారి ఎత్తి చూడండి

తిరుపతిలో ఎలక్ట్రిక్ కారు కొని, ఇంటికి ఛార్జర్ పెట్టించబోతున్న వాళ్లందరికీ ఇది రాస్తున్నాను. ఎవరి గురించి చెబుతున్నానో మీలో సగంమందికి ఈపాటికే అర్థమై ఉంటుంది. పేరు రాయను. కారు డెలివరీ తీసుకునే రోజు ఎవరో ఒకరు ఆయన నంబర్ మన ఫోన్‌లో పడేస్తారు కదా, ఛార్జర్లు బిగించే ఆ మహానుభావుడే.

ఛార్జర్ డబ్బా కారుతో పాటే వచ్చింది, 7.2 కిలోవాట్లది. బిగించడానికి కంపెనీ మనుషులు రావాలంటే మూడు వారాలు పడుతుందన్నారు. నాకు ఆగాలనిపించలేదు. 15 ఆంప్స్ ప్లగ్గుకి పెడితే తెల్లారేసరికి సగానికి కాస్త పైన మాత్రమే నిండుతోంది. ఈయనకి ఫోన్ చేస్తే "రేపే వచ్చేస్తాం సామీ" అన్నాడు. మొత్తం 24,500. అందులో ఎర్తింగ్‌కి (లీకైన కరెంటుని భూమిలోకి పంపే ఏర్పాటు) 6,500, ఆర్‌సీసీబీకి (కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్చు) 3,200, మిగతాది వైరు, పైపు, కూలి. బిల్లు అడిగితే 18 శాతం జీఎస్టీ పడుతుందన్నాడు. వద్దులే అన్నాను. నాలుగు వేలు మిగిలాయని ఆ రోజు నా సంబరం చూడాలి.

మా ఇంటి లోడు, అంటే కనెక్షన్‌కి అనుమతి ఉన్న కరెంటు, 3 కిలోవాట్లు; ఛార్జర్ ఒక్కదానికే 7.2 కావాలి. బిల్లు మీదే ఉంటుంది, చూసుకోవచ్చు. పెంచమని అప్లై చేయాలా అని అడిగితే, "కరెంటాఫీసుకి చెప్పినారంటే కమర్షియల్ మీటర్ పెట్టేస్తారు" అని బెదరగొట్టాడు. నిజానికి ఇంట్లో ఉన్న కనెక్షన్ మీదే కారు ఛార్జ్ చేసుకోవచ్చని కేంద్ర విద్యుత్ శాఖ 2024 సెప్టెంబరు గైడ్‌లైన్స్‌లో స్పష్టంగా ఉంది. మనకి కరెంటిచ్చే ఎస్పీడీసీఎల్ హెడ్డాఫీసు తిరుచానూరు రోడ్డులోనే ఉంది. నేను రోజూ దాని ముందు నుంచే పోతాను. ఒక్కరోజు బండి ఆపి లోపలికెళ్లి అడగొచ్చు కదా? అడగలేదు.

పని జరిగిన శనివారం నేను మా బావని రేణిగుంట స్టేషన్‌లో దింపడానికి వెళ్లాను. ఇంట్లో అమ్మ ఒక్కతే. నేను తిరిగొచ్చేసరికి గోడకి ఛార్జర్, దాని పక్కన చిన్న డబ్బా, వాకిలి మూలన సిమెంటు మూతతో ఎర్తింగ్ గుంత, అన్నీ సిద్ధం. ఎనిమిది అడుగుల జీఐ పైపు దించి, బొగ్గులూ ఉప్పూ పోశామన్నాడు. మూడు గంటల్లో, ఇద్దరు కూలి కుర్రాళ్లు, ఎనిమిది అడుగులు! మా వీధిలో మనిషెత్తు తవ్వకముందే గడ్డపారకి రాయి తగులుతుంది. సరే, అంత గుంత తవ్వితే మట్టి ఎక్కడ? గోడ పక్కన రెండు గంపల మట్టి కూడా లేదు. నేను దాన్ని కళ్లారా చూశాను. చూసి, "పని నీటుగా చేశారే" అని మెచ్చుకున్నాను కూడా.

ఇప్పుడు అసలు సంగతి. కారుకి ఛార్జింగ్ గన్ను పెట్టగానే ఛార్జర్ మీద ఎర్ర లైటు. యాప్‌లో ఎర్త్ ఫాల్ట్ అని వచ్చింది. ఆయన కంగారు పడలేదు. నుదురు తుడుచుకుని, "సామీ, కాసిని మంచినీళ్లు ఇప్పిస్తారా" అన్నాడు. ఎండలో చేశాడు పాపం అని లోపలికెళ్లి నీళ్లు కాదు, మజ్జిగ కలిపి తెచ్చాను. ఆ వారమే కొండకి వెళ్లొచ్చాం, డబ్బాలో లడ్డూ ఉంటే ఒక ముక్క కూడా పెట్టుకొచ్చాను. వచ్చేసరికి పచ్చ లైటు! "చూసినారా సామీ, ఎర్త్ పట్టుకునింది" అన్నాడు. లడ్డూ కళ్లకద్దుకుని తిన్నాడు, ఆ చేతులతోనే. నేను అక్కడికక్కడే ఫోన్‌పే చేశాను.

ఎర్తింగ్ గుంతలో వారానికోసారి రెండు బిందెల నీళ్లు పోయమన్నాడు. మా అమ్మ వారానికోసారి కాదు, తులసి కోటకి పోసి ఆ చేత్తోనే దీనికీ రోజూ పోసింది. మూడు వారాలు.

నిన్న సాయంత్రం ఎదురింటి మామ వచ్చాడు. లైన్‌మన్‌గా చేసి రిటైరైన మనిషి. అమ్మ నీళ్లు పోస్తుంటే చూసి, నీళ్లు లోపలికి ఇంకకుండా పక్కకి పారుతున్నాయేంటని మూత ఎత్తాడు. పచ్చ వైరు బిగించిన పైపు పైకి కనిపిస్తోంది. చెయ్యి పెట్టి అలా లాగాడు. ముల్లంగి వచ్చినట్టు చేతిలోకి వచ్చేసింది. మూరెడు పైపు. కింద మట్టి, దాని కింద రాయి. బొగ్గు ముక్క ఒక్కటి లేదు.

"ఏమబ్బా, ఇదేనా నీ 6,500 ఎర్తింగు?" అన్నాడు.

మరి ఎర్తే లేకపోతే పచ్చ లైటు ఎలా వెలిగింది? మామ మెయిన్ ఆఫ్ చేసి గోడ మీది చిన్న డబ్బా విప్పాడు. న్యూట్రల్ (కరెంటు తిరిగి వెళ్లే వైరు) నుంచి ఎర్త్ టెర్మినల్‌కి జానెడు నల్ల వైరు. లూప్ కొట్టాడన్నమాట. ఛార్జర్ వెతికేది ఎర్త్ కోసం, దానికి న్యూట్రల్‌నే ఎర్త్ అని చూపించాడు. నేను మజ్జిగ చిలికిన ఆ రెండు నిమిషాల్లో చేసిన పని ఇది. వానకో గాలికో స్తంభం దగ్గర న్యూట్రల్ తెగిందనుకోండి, కరెంటు ఆ ముక్క మీదుగా నేరుగా కారు బాడీకి వస్తుంది. ఆర్‌సీసీబీ ఉంటే కాపాడేదేమో. అదీ లేదు. 3,200 తీసుకుని బిగించింది షార్టో ఓవర్‌లోడో అయితేనే పడిపోయే మామూలు ఎంసీబీ. ఆర్‌సీసీబీ మీద చిన్న టెస్ట్ బటన్ ఉంటుందట, నొక్కితే టప్పున పడిపోవాలి. నాకేం తెలుసు, రెండూ తెల్లగానే ఉన్నాయి.

మా అమ్మ రోజూ పొద్దున కళ్లాపి చల్లి, ఆ తడి నేల మీద చెప్పుల్లేకుండా నిలబడి, తడి గుడ్డతో కారు తుడుస్తుంది. కారు ఛార్జింగ్‌లోనే ఉంటుంది. రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

వైరు సంగతి ఇంకో కథ. 32 ఆంప్స్‌కి 6 స్క్వేర్ ఎంఎం రాగి వైరు అని డబ్బు తీసుకున్నాడు. మీటర్ దగ్గర పైకి కనిపించే ముక్క మీద 6 అనే ఉంది. పైపు లోపల 4, అంటే ఇంకా సన్నది, మధ్యలో జాయింటు.

ఫోన్ చేశాను. నాలుగోసారికి ఎత్తాడు. అంతా విన్నాడు. విని ఏమన్నాడో తెలుసా? "ఛార్జ్ అవుతా ఉందా లేదా? అవుతా ఉంటే మీకేంది నొప్పి?" సామీ పోయింది, గమనించారా. గుంతలో పైపు చేతికొచ్చిందయ్యా అంటే, "అంత తెలిసినాయన మీ ఎదురింట్లోనే ఉంటే నన్నెందుకు పిలిచినారు?" అని పెట్టేశాడు.

దీనికి మాత్రం నా దగ్గర జవాబు లేదు. మామ గేటు మా గేటుకి పన్నెండు అడుగులు. ఛార్జర్ పెట్టిస్తున్నానని ఒక్క మాట చెప్పలేదు, పాతకాలం మనిషి, ఎలక్ట్రిక్ కారు గురించి ఆయనకేం తెలుస్తుందిలే అనుకున్నాను.

ఇప్పుడు ఛార్జర్‌కి మెయిన్ తీసేసి ఉంది. మామ ఆ నల్ల వైరు ముక్క పీకేసి, ఫేజ్‌కీ (కరెంటు వచ్చే వైరు) ఆ పచ్చ వైరుకీ మధ్య బల్బు పెట్టి చూపించాడు, మిణుకు కూడా లేదు. ఇంటి పాత ఎర్తింగ్‌కి పెడితే ధగధగా వెలిగింది. అందుకని మళ్లీ ఆ 15 ఆంప్స్ ప్లగ్గే గతి. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి కంప్లైంట్ ఇచ్చాను. మొదట అడిగింది బిల్లు ఉందా అని.

మీరు పెట్టించేటప్పుడు గుంత తవ్వేటప్పుడు అక్కడే కుర్చీ వేసుకుని కూర్చోండి. డబ్బాలో లూప్ వైరు లేదని చూసుకుని బల్బు టెస్ట్ మీ కళ్ల ముందు చేయించండి, టెస్ట్ బటన్ మీరే నొక్కండి, బిల్లు తీసుకోండి. ఎర్ర లైటు వెలిగితే మాత్రం మంచినీళ్లకి కూడా కదలొద్దు. ఈయన చేత ఇప్పటికే పెట్టించుకున్న వాళ్లు ఈ రాత్రి కారు గన్ను తీసేసి, రేపు తెలిసిన ఎలక్ట్రీషియన్‌తో డబ్బా విప్పించండి.

పైపు పారేయలేదు. పక్కన స్కేలు పెట్టి ఫోటో తీసి ఆయనకి వాట్సాప్ చేశాను. నీలం టిక్కులు పడ్డాయి. గంట తర్వాత చూస్తే ఆయన ఫోటో కనిపించడం లేదు, బ్లాక్ చేసినట్టున్నాడు.