మా అత్తగారి పుట్టింటి పేరు అడిగిన దేశం

కోస్టారికా రెసిడెన్సీ కార్డులు మా చేతికొచ్చాయి. 2024 జనవరిలో ఇక్కడ దిగాం, కార్డులు 2025 ఆగస్టులో వచ్చాయి. మొత్తం 19 నెలలు. అందులో తొమ్మిది నెలలు ఒకే ఒక్క మనిషిని నమ్మినందుకు పోయాయి. నాకు ఆ కోపం ఇంకా తగ్గలేదు. అమెరికాలో రిటైరైన మనవాళ్లు ఈ మధ్య ఫోన్లు చేసి ఈ దేశం గురించి అడుగుతున్నారు. మాలాగా ఇంకెవరూ మోసపోకూడదని ఇదంతా రాస్తున్నాను.

మేం ముప్పై ఏళ్లు హ్యూస్టన్‌లో ఉన్నాం. మా ఆయన 66 ఏళ్లకు రిటైరయ్యారు, ఆయనకు మెడికేర్, అంటే పెద్దవయసువాళ్లకు అమెరికా ప్రభుత్వం ఇచ్చే ఆరోగ్య బీమా ఉంది. నాకు అప్పటికి 62. నాకు మెడికేర్ రావాలంటే ఇంకా మూడేళ్లు ఆగాలి. ఈలోగా సొంతంగా కొనుక్కునే ఇన్సూరెన్స్‌కు నెలకు 940 డాలర్లన్నారు. ఇండియా వెళ్లిపోదామంటే అమ్మాయి, మనవడు డల్లాస్‌లో ఉన్నారు. హ్యూస్టన్ నుంచి కోస్టారికా రాజధాని శాన్ హోసేకి విమానంలో నాలుగు గంటలు కూడా పట్టదు. మా ఆలోచన అక్కడ మొదలైంది.

ముందు పనామా చూశాం. మా ఆయన మనసంతా దాని మీదే. అక్కడ డాలర్లే నడుస్తాయి, గుడి ఉంది, తరాలుగా స్థిరపడ్డ సింధీలు, గుజరాతీలు ఉన్నారు, మన ఎంబసీ ఉంది. కోస్టారికాలో ఉండేవాళ్లు కూడా ఓసీఐ, అంటే విదేశీ పౌరసత్వం తీసుకున్న మనవాళ్లకు ఇండియా ఇచ్చే కార్డు, పనులకు ఆ ఎంబసీకే వెళ్లాలి. కానీ రాత్రి పదింటికి కూడా మే నెల విజయవాడలా ఉక్కపోత. నా వల్ల కాదన్నాను. ఆయన రెండు రోజులు సరిగ్గా మాట్లాడలేదు.

ఇక్కడి రూల్స్ క్లుప్తంగా చెప్తాను. మేం పెట్టుకున్నది పెన్సియొనాదో, అంటే పెన్షన్ మీద వచ్చే నివాసం. జీవితాంతం వచ్చే పెన్షన్ నెలకు కనీసం 1,000 డాలర్లు ఉండాలి. ఒకరి పెన్షన్ మీద భార్యాభర్తలిద్దరూ రావచ్చు. పెన్షన్ లేనివాళ్లు రెండేళ్లపాటు నెలకు 2,500 డాలర్ల ఆదాయం చూపించి రెంటిస్తాగా రావచ్చు. పెట్టుబడి దారిలో వచ్చేవాళ్లకు 2021 చట్టంతో రెండు లక్షల డాలర్ల పరిమితిని లక్షన్నరకు దించారు. ఇంటి నుంచి పనిచేసే సాఫ్ట్‌వేర్ పిల్లలకు డిజిటల్ నోమాడ్ వీసా ఉంది. దానికి నెలకు 3,000 డాలర్లు, కుటుంబంతో అయితే 4,000 ఆదాయం చూపాలి. అయితే అది రెసిడెన్సీ కాదని గుర్తుపెట్టుకోండి. మావి అమెరికన్ పాస్‌పోర్టులు కాబట్టి దిగగానే 180 రోజులకు స్టాంపు వేశారు. ఇండియన్ పాస్‌పోర్టు ఉన్నవాళ్లకు ఈ లెక్క వర్తించదు, ముందు వీసా సంగతి తేల్చుకునే టికెట్ కొనాలి.

శాన్ హోసేలో మొదట దిగిన గెస్ట్‌హౌస్ గురించి చెప్పకుండా ఉండలేను. రోజుకు 58 డాలర్లు. పద్నాలుగు రోజులకు 812 డాలర్లు ముందే కట్టించుకున్నారు. ఫొటోల్లో తెల్లటి గోడలు, బాల్కనీ, 'వేడినీళ్లు' అని పెద్ద అక్షరాలు. ఆ వేడినీళ్లు ఎలా వస్తాయో బాత్‌రూమ్‌లోకి వెళ్లాక తెలిసింది. షవర్ తలకే కరెంటు హీటరు బిగించారు. దాని వైరు అతుకు దగ్గర నల్ల టేపు చుట్టి ఉంది, ఆ టేపు కొస ఊడి తడిసి వేలాడుతోంది. నాలుగో రోజు మా ఆయన తడి చేత్తో కుళాయి కట్టబోతే మోచేతి దాకా జివ్వుమంది. ఓనర్‌కి చెప్తే "ఇక్కడ అందరి ఇళ్లలో ఇవే, రబ్బరు చెప్పులు వేసుకుని స్నానం చేయండి" అన్నాడు. ఐదో రాత్రి గడిచాక ఖాళీ చేశాం. మిగిలిన తొమ్మిది రాత్రుల డబ్బు, 522 డాలర్లు, రూపాయి కూడా తిరిగివ్వలేదు. ఇలాంటి షవర్లు ఈ దేశంలో చాలా ఇళ్లలో ఉన్న మాట నిజమే. సరిగ్గా ఎర్త్ చేసినవాటితో భయం లేదు. మీరు మాత్రం బుక్ చేసే ముందు షవర్ తల ఫొటో పంపమని అడగండి. పంపకపోతే ఆ ఇల్లు వదిలేయండి.

ఇక అసలు విషయం. కాగితాల పనికి ఒక ఏజెంట్‌ని పెట్టుకున్నాం. లాయరు కాడు, 'రీలొకేషన్ సలహాదారు'. ఇంగ్లీషు బాగా మాట్లాడతాడు, అందుకే నమ్మాం. ఇద్దరికీ కలిపి 2,600 డాలర్లు, సగం ముందే. ఫిబ్రవరిలో మా మీద కేసులు లేవని చూపే ఎఫ్‌బీఐ రిపోర్టులు, పెన్షన్ వస్తుందని చూపే సోషల్ సెక్యూరిటీ లెటరు, మ్యారేజ్ సర్టిఫికెట్ అన్నీ అపోస్టిల్‌తో, అంటే వేరే దేశంలో చెల్లేలా ప్రభుత్వం వేసే ధ్రువీకరణతో ఇచ్చాం. బర్త్ సర్టిఫికెట్ల మాట నేనే ఎత్తాను. "పాస్‌పోర్టులో పుట్టిన చోటు ఉందిగా, చాలు" అన్నాడు. వారం తర్వాత "ఫైల్ వేసేశాను" అని మెసేజ్ పెట్టాడు. ఫైల్ నంబరు అడిగితే వస్తుందన్నాడు. మార్చిలో అదే మాట, ఏప్రిల్‌లో అదే మాట.

ఈలోగా మేం గ్రేసియాకు మారాం. శాన్ హోసేకి వాయవ్యంగా, కొండల మధ్య చిన్న ఊరు. ఊరి నడుమ ఎర్రటి లోహపు చర్చి, దాని రేకులు బెల్జియం నుంచి తెప్పించారట. రెండు బెడ్‌రూమ్‌ల ఇల్లు, సామానుతో సహా నెలకు 650 డాలర్లు. వీధి పేరు, ఇంటి నంబరు ఉండవు. మా అడ్రసు ఇలా చెప్పాలి: చర్చి నుంచి 300 మీటర్లు ఉత్తరం, 75 మీటర్లు తూర్పు, పచ్చ గేటు. పక్క వాటాలోనే ఉండే ఇంటావిడకు డెబ్బై దాటాయి. జూన్‌లో ఒకరోజు నా మొహం చూసి ఏమైందని అడిగారు. నాకొచ్చిన నాలుగు స్పానిష్ ముక్కల్లో చెప్పాను. ఆవిడ మేనకోడలు లాయరు. ఆ అమ్మాయి మిగ్రసియోన్, అంటే ఇమిగ్రేషన్ ఆఫీసులో వాకబు చేసి సాయంత్రానికి ఫోన్ చేసింది. మా పేర్ల మీద అసలు ఫైలే లేదు.

మర్నాడు ముగ్గురం ఏజెంట్ ఆఫీసుకు వెళ్లాం. అతను సొరుగులోంచి మా కవరు తీసిచ్చాడు. ఫిబ్రవరిలో నేను వేసిన ఎర్ర రబ్బరు బ్యాండు అలాగే ఉంది. నాలుగు నెలల్లో ఒక్కసారి కూడా విప్పలేదన్నమాట. ఎఫ్‌బీఐ రిపోర్టుల మీద తేదీ 2023 నవంబరు. ఇక్కడ అలాంటి కాగితాలు ఆరు నెలల లోపువై ఉండాలి. మా గడువు మేలోనే అయిపోయింది. మా ఆయన అక్కడ ఏమీ అనలేదు. ఇంటికొచ్చి ఆ కవరు టేబుల్ మీద పెట్టుకుని చీకటి పడేదాకా అలాగే కూర్చున్నారు. అన్నం తినమంటే వద్దన్నారు. అడ్వాన్సు 1,300 డాలర్లలో నాలుగు వందలు వెనక్కి వచ్చాయి, అదీ మేనకోడలు గట్టిగా అడిగాక.

ఎఫ్‌బీఐ రిపోర్టు ఒక్కొక్కటి 18 డాలర్లే. వాషింగ్టన్‌లో వేసే అపోస్టిల్ కాగితానికి 20. కానీ ఆ చిన్న ఖర్చు కోసం మళ్లీ హ్యూస్టన్ వెళ్లాల్సి వచ్చింది. ఇద్దరి టికెట్లు 820 డాలర్లు. ఆ కాగితాలు చేతికొచ్చేదాకా ఎదురుచూపులు.

అంతకన్నా పెద్ద తలనొప్పి బర్త్ సర్టిఫికెట్లు. ఇద్దరివీ కావాల్సిందేనని లాయరమ్మాయి మొదటి రోజే చెప్పింది. నాది గుంటూరు కార్పొరేషన్‌లో పది రోజుల్లో దొరికింది. మా ఆయన 1957లో తెనాలి దగ్గర పల్లెలో, ఇంట్లోనే పుట్టారు. ఎక్కడా నమోదు లేదు. మా మరిది పాపం ఎండలో తిరిగాడు. రికార్డుల్లో లేదని పంచాయతీ నుంచి ఒక కాగితం, ఎస్సెస్సీ సర్టిఫికెట్, ఊరి పెద్దలిద్దరి వాంగ్మూలం, వాటితో ఆర్డీవో ఆర్డరు, ఆ ఆర్డరు మీద కొత్తగా నమోదు. ఏడు వారాలు పట్టింది. ఆ తర్వాత విదేశాంగ శాఖ అపోస్టిల్, కొరియరు. అన్నీ కలిపి 11,400 రూపాయలు. పాస్‌పోర్టులో ఆయన పేరు మూడు ముక్కలు, సర్టిఫికెట్‌లో రెండు ముక్కలు. రెండూ ఒకరివేనని మళ్లీ ఒక అఫిడవిట్. మీరు ఏ దేశం వెళ్లాలనుకున్నా సరే, విమానం ఎక్కకముందే ఈ ఒక్క పని చేసుకోండి. మన తరంలో చాలామందికి బర్త్ సర్టిఫికెట్ లేదు. అది వేరే దేశంలో కూర్చుని తెప్పించుకునే కాగితం కాదు.

అక్టోబరులో శాన్ హోసేలో లా ఊరూకా అనే చోట ఉన్న మిగ్రసియోన్ ఆఫీసుకు వెళ్లాం. పొద్దున్న ఆరున్నరకే వరుస ఉంది, సన్నటి వాన. కౌంటర్‌లో నలభై ఏళ్లావిడ. కాగితాలన్నీ ఒక్కొక్కటిగా వేలు పెట్టి చదివింది. మా ఆయన బర్త్ సర్టిఫికెట్ అనువాదం దగ్గర ఆగి లాయరమ్మాయిని ఏదో అడిగింది. తండ్రికీ తల్లికీ ఒకే ఇంటిపేరు ఎలా ఉంది, వీళ్లు అన్నాచెల్లెళ్లు కాదు కదా అని. ఇక్కడ పెళ్లయినా ఆడవాళ్ల పేరు మారదు. ప్రతి మనిషికీ రెండు ఇంటిపేర్లు, తండ్రిది ఒకటి, తల్లిది ఒకటి. మా దగ్గర పెళ్లయ్యాక భర్త ఇంటిపేరు వస్తుందని చెప్పించాం. ఆవిడ అర్థమైందన్నట్టు తలూపి, "మరి ఆవిడ సొంత ఇంటిపేరు ఏమిటి?" అంది.

మా ఆయన ఒక క్షణం ఆగారు. తర్వాత మా అత్తగారి పుట్టింటి పేరు చెప్పారు. ఆవిడకు పలకడం రాలేదు. కాగితం, పెన్ను ముందుకు జరిపింది. ఆయన ఒక్కో అక్షరం విడిగా, పెద్దగా రాశారు. ఆవిడ చూసి, నోట్లో ఒకసారి చదువుకుని, ఫారంలో ఎక్కించింది.

బయటికొచ్చాక ఆయన బెంచీ మీద కూర్చుండిపోయారు. "ఇన్నేళ్లలో ఎవరూ అడగలేదే. బడిలో అడగలేదు, బ్యాంకులో అడగలేదు, అమ్మ పోయినప్పుడు సర్టిఫికెట్‌లో కూడా రాయలేదు" అన్నారు. కళ్లు తుడుచుకున్నారు. పనామా గురించి ఆయన మళ్లీ ఎత్తలేదు.

ఆ కౌంటరావిడ పేరు నాకు తెలియదు. మా దగ్గర విసుక్కోలేదు, తప్పుల్ని ఎగతాళి చేయలేదు. ఫైల్ నంబరున్న రసీదు అప్పటికప్పుడే చేతికిచ్చింది. నాలుగు నెలలు అడిగినా ఏజెంట్ ఇవ్వలేనిది ఆ రసీదే.

ఆ తర్వాత కార్డులు వచ్చేదాకా పది నెలలు మామూలుగా గడిచాయి. ఫైల్ నడుస్తున్నంత కాలం చట్టబద్ధంగా ఇక్కడే ఉండొచ్చు. గ్రేసియా వాతావరణం చల్లగా హాయిగా ఉంటుంది. మే నుంచి నవంబరు దాకా చాలా మధ్యాహ్నాలు వాన, బట్టలు ఆరవు. తీరప్రాంతం చూడడానికి బాగుంది కానీ వేడి. శాన్ హోసే పక్కనున్న ఎస్కాసూలో అద్దెలు మాకు అందలేదు. శాన్ రమోన్ అనే ఊరు నాకు నచ్చింది, ఆయనకు చలి ఎక్కువైంది.

తిండి గురించి భయపడుతూ వచ్చాను, నాకు మాంసం పడదు. చిన్న హోటళ్లను ఇక్కడ సోదా అంటారు. 3,500 కొలోన్లకు (ఇక్కడి డబ్బు), అంటే ఏడు డాలర్లకు, కసాదో అనే భోజనం పెడతారు: అన్నం, నల్ల చిక్కుళ్లు, సలాడు, వేయించిన తీపి అరటి. చిక్కుళ్లు పంది కొవ్వుతో వండారేమో అడిగి తినండి, కొన్నిచోట్ల వేస్తారు. నన్ను నిలబెట్టింది మాత్రం సంత. బెంగళూరు వంకాయని చయోతే అంటారు, కర్రపెండలాన్ని యూకా అంటారు. మొదటి నెల ఒక బుట్టలో మట్టి అంటుకున్న వెంట్రుకల దుంపలు చూసి అక్కడే ఆగిపోయాను. న్యంపీ అట. గోరుతో గీరితే చేయి దురద పెట్టింది. అవి చామదుంపలే! కిలో తెచ్చి చింతపండు పులుసు పెట్టాను. కరివేపాకు లేదు, కొత్తిమీర బదులు కులాంత్రో ఆకు వేశాను. షవర్ గొడవ తర్వాత మా ఆయన కడుపు నిండా అన్నం తిన్నది ఆ రోజే. ఇంటావిడకు ఒక గిన్నె ఇచ్చాను. ఇప్పుడు సంతకు వెళ్తే నాకోసం ఆవిడే ఏరి తెస్తారు.

లెక్కలు అడుగుతారు కాబట్టి చెప్తున్నాను. లాయరుకు ఇద్దరికీ 1,600 డాలర్లు. అర్జీ ఫీజు మనిషికి 50, టూరిస్టుగా వచ్చి లోపల ఉండగా అర్జీ పెట్టినందుకు ఇంకో 200. గుర్తింపు ఉన్న అనువాదకుడికి 280. నివాసం మంజూరయ్యాక కాహాలో, అంటే ఇక్కడి ప్రభుత్వ ఆరోగ్య బీమాలో చేరడం తప్పనిసరి. మా ఆదాయం మీద లెక్క కట్టి ఇద్దరికీ కలిపి నెలకు 200 డాలర్లకు కాస్త అటూ ఇటూగా వస్తోంది. నా బీపీ మాత్రలు ఊరి క్లినిక్‌లోనే ఇస్తున్నారు, వేరే డబ్బు అడగరు. స్పెషలిస్టు దగ్గర మాత్రం నెలల తరబడి ఆగాలి, అది తెలుసుకునే రండి.

మొదటి కార్డు రెండేళ్లకే. మూడేళ్లు నిండాక శాశ్వత నివాసానికి పెట్టుకోవచ్చు. రెన్యువల్ అప్పుడు పెన్షన్‌లో నెలకు 1,000 డాలర్లు కొలోన్లలోకి మార్చినట్టు బ్యాంకు కాగితాలు చూపాలి. చాలామంది ఇది మర్చిపోతారట. మా ఆయన ఆ రసీదులన్నీ ఒక కవరులో పెడుతున్నారు. పాత కవరే, ఎర్ర రబ్బరు బ్యాండు మాత్రం నేను తీసి పారేశాను.