స్టీమ్ సేల్స్ చప్పబడ్డాయా? రూపాయల్లో లెక్క

కంప్యూటర్ ఆటలు అమ్మే ఆన్‌లైన్ దుకాణం స్టీమ్‌లో సమ్మర్ సేల్ మొదలైన ప్రతిసారీ వినబడే మాట ఒకటే: "మునుపటిలా లేవు ఆఫర్లు." రూపాయల్లో ధరలు మొదలైన 2015 నవంబర్ నుంచి స్టీమ్ వాడుతూ వచ్చిన నా లెక్కలో ఈ మాట సగమే నిజం. శాతాలు పెద్దగా పడిపోలేదు. పాత ఆటలు ఇప్పటికీ 75, 80, ఒక్కోసారి 90 శాతం తగ్గింపులో దొరుకుతున్నాయి. మారింది ఆ శాతం దేనిమీద వేస్తున్నారో ఆ అసలు ధర.

2022 అక్టోబర్‌లో స్టీమ్ నడిపే వాల్వ్ కంపెనీ దేశాలవారీగా సిఫార్సు ధరలను సవరించింది. పాటించి తీరాలని లేదు, ధర పెట్టేది పబ్లిషరే. అయినా చాలామంది పెంచేశారు. లెక్క ఇలా ఉంటుంది: వెయ్యి రూపాయల ఆట 75 శాతం తగ్గింపులో 250కి వచ్చేది. అదే ఆట ధర రెండు వేలు చేసి 80 శాతం తగ్గిస్తే 400. తగ్గింపు శాతం చూపే పచ్చ డబ్బాలో అంకె పెరిగింది, జేబులోంచి పోయేది కూడా పెరిగింది.

ఇది మన ఆషాఢం సేల్ కిటుకే కదా అనిపించవచ్చు. పూర్తిగా కాదు. ధర పెంచాక దాదాపు నెల రోజులు డిస్కౌంట్ పెట్టకూడదని స్టీమ్ నిబంధన. కొత్త ఆట విడుదలైన మొదటి నెలా అంతే. కానీ ఏప్రిల్‌లో పెంచి జూన్ చివర్లో తగ్గిస్తే అడ్డేమీ లేదు.

అందుకే శాతం చూడకండి. స్టీమ్ ధరల చరిత్ర చూపే స్టీమ్‌డీబీ సైట్‌లో ఆట పేజీ తెరిచి, కరెన్సీ భారత రూపాయి పెట్టుకుని, ధర గ్రాఫ్ చూడండి. అతి తక్కువ ధర ఎంతో చూసి ఊరుకుంటే చాలదు, అది ఏ తేదీన వచ్చిందో చూడాలి. అసలు ధర పెరగకముందు వచ్చిన అడుగు ధర అయితే దానికోసం కాచుకు కూర్చోవడం దండగ, అది మళ్లీ రావడం అరుదు. పెరిగిన తర్వాత వచ్చిన అడుగు ధరే మీ లక్ష్యం. పెద్ద పబ్లిషర్లు అదే రేటును సేల్ తర్వాత సేల్‌లో తిప్పి తిప్పి పెడతారు కాబట్టి ఈసారి తప్పినా మూడు నెలల్లో దొరుకుతుంది. 2023లో స్ప్రింగ్ సేల్ కూడా చేరాక ఏడాదికి నాలుగు పెద్ద సేల్స్, మధ్యలో పబ్లిషర్ల సొంత సేల్స్. పండగ కళ పోయిందంటే అసలు కారణం ఇదే: ఏడాదంతా పండగే.

ఫ్లాష్ డీల్స్ పోవడం మాత్రం నిజంగా తేడా. ఒకప్పుడు కొన్ని ఆటలకు ఎనిమిది గంటలు మాత్రమే ఉండే ప్రత్యేక ధర వచ్చేది. స్టీమ్‌లో రిఫండ్లు మొదలైన 2015లోనే, ఏడాది చివరికి వాటిని ఎత్తేశారు. ఇప్పుడు మొదటిరోజు ధరే చివరిరోజు ధర. సరదా తగ్గింది, కొనేవాడికి మాత్రం మేలే. మన టైమ్‌లో సమ్మర్ సేల్ రాత్రి 10:30కి, వింటర్ సేల్ 11:30కి తెరుచుకుంటుంది. ఆ మొదటి గంటలో స్టోర్ తడబడుతుంది, పేమెంట్లు ఇరుక్కుంటాయి. తెల్లారి కొన్నా ధర అదే. యూపీఐ పేమెంట్ పెండింగ్‌లో పడితే వెంటనే రెండోసారి కట్టకండి. పర్చేజ్ హిస్టరీలో అది తేలేదాకా ఆగండి.

డీఎల్‌సీల (ఆటకు విడిగా అమ్మే అదనపు భాగాలు) దగ్గర జాగ్రత్త. యూరోపా యూనివర్సాలిస్ 4 లాంటి స్ట్రాటజీ ఆటల్లో బేస్ గేమ్ (అసలు ఆట) చవకే, అది ఎర. డీఎల్‌సీలన్నీ కలిపి చూస్తేనే అసలు బిల్లు తెలుస్తుంది. అలాంటప్పుడు అన్నీ కలిపి అమ్మే బండిల్ ధర చూడండి: మీ దగ్గర ఇప్పటికే ఉన్నవాటి ధర తీసేసి, మిగతావాటికి సేల్ తగ్గింపు మీద బండిల్ తగ్గింపు కూడా కలుపుతారు. ఇక ఫ్యాక్టోరియో అనే ఆట కోసం సేల్ దాకా ఆగేవాళ్లకు ఒక మాట: అది ఎప్పుడూ డిస్కౌంట్‌లోకి రాలేదు. పైగా 20 డాలర్ల నుంచి 2018లో 30కి, 2023లో 35కి పెరిగింది.

అమెరికాలో ఉన్న అన్నయ్యకు ఇక్కడి రేటుకు కొని గిఫ్ట్ చేద్దామంటే, రెండు దేశాల ధరల్లో తేడా ఎక్కువైతే స్టీమ్ ఒప్పుకోదు.

సేల్‌కు వారం ముందే పూర్తి ధరకు కొనేసి తల పట్టుకునేవాళ్లకు దారి ఉంది. కొని 14 రోజులు దాటకుండా, ఆడింది రెండు గంటలలోపే అయితే, రిఫండ్ పెట్టి సేల్ ధరకు మళ్లీ కొనుక్కోవచ్చు. దీన్ని దుర్వినియోగంగా పరిగణించబోమని స్టీమ్ తన రిఫండ్ పాలసీలోనే రాసింది. డబ్బు బ్యాంకుకు కాకుండా స్టీమ్ వాలెట్‌లోకి తెప్పించుకుంటే సేల్ ముగిసేలోపు చేతికొచ్చే అవకాశం ఎక్కువ. వేరే సైట్‌లో కొని స్టీమ్‌లో వేసుకున్న కీకి (ఆటను తెరిచే కోడ్) ఈ సౌకర్యం లేదు. ప్లేస్టేషన్ స్టోర్‌లోనూ 14 రోజుల గడువు ఉంది కానీ, డౌన్‌లోడ్ మొదలుపెడితే మామూలుగా రిఫండ్ రాదు. అక్కడ సేల్ దగ్గర్లో ఉందనిపిస్తే, కొన్నాక కూడా డౌన్‌లోడ్ బటన్ నొక్కకుండా ఆగాలి.